మధ్య తలుపు నుంచి ఎక్కినవాళ్లు

మా ఆయన ఆర్వి వారానికి ఒక్కసారి బస్సెక్కుతాడు, ఈతకొలనుకు పోవడానికి. నేను రోజూ ఎక్కుతాను. అయినా బస్సు గురించి మాట్లాడే హక్కంతా తనదే అన్నట్టుంటుంది ఆయన వాలకం. నవంబరులో ఊరి రవాణా కార్యాలయం వాళ్లు ప్రయాణికుల సంతృప్తి సర్వే అంటూ కాగితాలు పంపారు. బస్సు కార్డు వాడుతున్న ప్రతివారికీ ఒకటి. ఆర్వి కళ్లద్దాలు పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని, ఎవరిమీదో దావా వేయబోతున్నవాడిలా వంటింటి బల్ల ముందు కూర్చున్నాడు.

"వేళకు వస్తుందా? ఒకటి," అని గట్టిగా చదువుతూ మార్కు వేశాడు. "దారి బాగుందా? ఊరికే చుట్టూ తిరుగుతుంది. దీనికీ ఒకటే."

"ఎక్కడ తిరుగుతోందయ్యా?"

"మన కొండెక్కి దిగడం లేదూ? నేరుగా పోతే ఎంత కలిసొస్తుంది."

"కొండెక్కకపోతే నిన్నెవరు ఎక్కించుకుంటారు? మనం ఉండేదే కొండమీద."

"నాకు కాళ్లున్నాయి," అన్నాడు. డెబ్బై దాటినా మేకుల బూట్లు వేసుకుని మంచుమీద నడుస్తానని ఆయనకు మహా గొప్ప.

నా కాగితం నేను తీసుకున్నాను. అంతకు ముందురోజే సంత నుంచి వస్తూ స్టాపులో నిలబడి నిలబడి నా కాళ్లు కొయ్యబారిపోయాయి. అక్కడ కప్పు లేదు, బెంచీ లేదు. బస్సులో సంచులు పెట్టుకునే చోటు లేక ముల్లంగి కట్ట ఒళ్లో పెట్టుకుని వచ్చాను. అయినా అన్నిటికీ ఐదుకు ఐదు వేశాను.

ఆర్వి తొంగి చూశాడు. "నిన్న ఇంటికొచ్చి గంటసేపు తిట్టావు. ఐదెలా వేస్తావే?"

"తార్మో మంచి పిల్లాడు. నేను కూర్చునేదాకా బస్సు కదిలించడు. వాడికి తక్కువ వేయడానికి నాకు చేతులెలా వస్తాయి?"

"ఇది డ్రైవరు ప్రోగ్రెస్ రిపోర్టు కాదు."

"నాకలాగే ఉంది. నీ పని నువ్వు చూసుకో."

మా కూసిమాకి కొండమీద ఆడవాళ్లందరం ఇంతేనని తర్వాత తెలిసింది. మగవాళ్లు గడియారానికి మార్కులు వేశారు, మేం డ్రైవరుకు వేశాం.

జనవరిలో ఫలితాలు పేపర్లో వచ్చాయి. మా తొమ్మిదో నంబరు బస్సుతో ఆడవాళ్లు చాలా తృప్తిగా ఉన్నారట, మగవాళ్లకు మాత్రం వేగం చాలడం లేదట. కొండమీద పగటిపూట ఎక్కేవాళ్లు పదిమంది కూడా లేరని బస్సులో కార్డు యంత్రాలు కూడా చెబుతున్నాయట. అందుచేత ఈస్టరు దాటాక బస్సు కొండెక్కదు, కింద పెద్ద రోడ్డు మీద నేరుగా పోతుంది. ఫిబ్రవరి నెలాఖరున పురపాలక సభలో ఖాయం చేస్తారు. అది చదివి ఆర్వి కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం పక్కింటి సెన్యా వచ్చింది, చంకలో పిల్లతో, కాలికి చుట్టుకున్న పిల్లాడితో. కవలలు. ఆడపిల్ల లూమి, మగపిల్లాడు తూయిస్కు, అంటే మంచూ, మంచుతుపానూ. పేర్లకు తగ్గట్టే ఉంటారు. వాళ్ల నాన్న సరుకు ఓడమీద పనిచేస్తాడు. వారాల తరబడి సముద్రంలోనే ఉంటాడు.

"మామ్మా, పేపరు చూశారా?"

"చూశానమ్మా. కూర్చో."

కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి కొండవాలు చూసింది. ఆమె ఏం చూస్తోందో నాకు తెలుసు. రేవు దగ్గర తెరచాపలు కుట్టే కార్ఖానాలో నేను ముప్పై ఏళ్లు పనిచేశాను. సెన్యా కుట్టు చూసి నేనే వాళ్లకు చెప్పాను. వాళ్లు ఆమెను పిలిచి, బట్ట ఇచ్చి, కుట్టించి చూసి, మార్చి నుంచి రమ్మన్నారు. పిల్లల డేకేర్ కూడా ఆ పక్కనే. వస్తుందో రాదో ఫిబ్రవరి ఆఖరి శుక్రవారంలోగా చెప్పాలి. ఆ ఉద్యోగం కోసం ఆ పిల్ల ఎంత ఆశపడిందో నేను చూశాను. కార్ఖానా నుంచి వచ్చిన రోజున వేళ్లకంటిన దారపు మైనం వాసన కడుక్కోకుండా నాకు చూపించింది.

"కొండెక్కే బస్సు లేకపోతే పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి తోసే ఈ జోడుబండిని నేను రోజూ దించి ఎక్కించలేను మామ్మా. నిన్న వాలుమీద జారింది. దీపస్తంభం తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది." చంకలో పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "వాళ్లకు రానని చెప్పేస్తాను."

"ఆ శుక్రవారం దాకా నోరు కట్టేసుకో," అన్నాను. ఏం చేయగలనో నాకే తెలియదు.

లైబ్రరీలో జనంతో సమావేశం పెట్టారు. కాఫీ, యాలకుల బన్నులు ముందు, మాటలు తర్వాత. అందరూ వెనక వరుసల్లోనే కూర్చున్నారు. రవాణా కార్యాలయం నుంచి వేసల అనే ఆయన వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు, ఇంట్లో అల్లిన స్వెటరు వేసుకున్నాడు. తెరమీద లెక్కల బొమ్మలన్నీ చూపించాక, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు. మా ఊళ్లో ఆ మాటంటే జనం తమ కప్పుల్లోకి చూసుకుంటారు. అలాగే చూసుకున్నారు.

నేను లేచాను. ఆర్వి నా కోటు అంచు పట్టుకుని లాగాడు, విడిపించుకున్నాను.

"కొండమీద బస్సు మాకు కావాలి నాయనా. పిల్లలున్నవాళ్లు, కాళ్లు లేనివాళ్లు, సంచులున్నవాళ్లు ఉన్నాం. నిలబడే చోటు కూడా బాగాలేదు."

"చెప్పినందుకు సంతోషమండీ," అన్నాడు వేసల. నిజంగానే సంతోషించాడు. "సర్వేలో కూడా ఇది రాశారా?"

"సర్వేలో..." కోటు అంచు సర్దుకున్నాను. "సర్వేలో ఐదు వేశాను."

"ఆడవాళ్లు దాదాపు అందరూ అలాగే వేశారండీ. మనసులో ఉన్నది మాకెలా తెలుస్తుంది చెప్పండి? పైగా పగటిపూట ఎక్కేవాళ్లు కూడా ఎక్కువమంది కనబడటం లేదు."

కూర్చున్నాను. మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ నామీద నాకే మండింది. ఆర్వి పక్కన నడుస్తూ, "నేను ఒకటి వేశాను, నువ్వు ఐదు వేశావు, ఇద్దరం కలిసి బస్సును కొండమీది నుంచి తోసేశాం," అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు.

మరుసటి వారం సెన్యాకు జ్వరం వచ్చింది. డేకేర్‌లో పిల్లలకు అలవాటు చేసే రోజులు మొదలయ్యాయి, మానిపించకూడదు. నేను తీసుకుపోతానన్నాను. జోడుబండి ముందు తలుపులో పట్టదు. ఎవరో కుర్రాడు ఒక చేయి వేస్తే మధ్య తలుపు నుంచి ఎక్కించాను. బండి నిలిపే చోట ఆపి, కార్డు తీసి, యంత్రానికి తాకిద్దామని ముందుకు బయలుదేరాను.

తార్మో అద్దంలో చూశాడు. "హిల్కా గారూ, బండి వదలకండి. బండితో ఎక్కినవాళ్లకు టికెట్టు లేదు కదా."

అవును మరి. మా ఊళ్లో అది ఎప్పటినుంచో ఉంది. పిల్లలబండితో ఎక్కితే ఊరికే తీసుకుపోతారు, తల్లి బండి వదిలి ముందుకు పోనక్కర్లేకుండా. నా పిల్లల కాలంలో ఈ సుఖం లేదు. హాయిగా కూర్చున్నాను. తర్వాతి స్టాపులో ఇంకో బండి ఎక్కింది, ఆ తర్వాత మరొకటి, దాని వెనకే ఇంకొకటి, అన్నీ మధ్య తలుపు నుంచే. బస్సు మధ్యభాగం తల్లులతో, బండ్లతో, తడిసిన టోపీలతో నిండిపోయింది. కొండ దిగువన బ్రీఫ్‌కేసు పట్టుకున్న ఒకాయన ముందు నుంచి ఎక్కి కార్డు తాకించాడు. యంత్రం పీ మంది.

బస్సెక్కాక నేను విన్న మొదటి పీ అదే. చుట్టూ ఉన్న బండ్లు లెక్కపెట్టాను.

రేవు దగ్గర దిగుతూ అడిగాను. "తార్మో, బస్సులో ఎవరెక్కారో ఆఫీసువాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"కార్డు మోగితే తెలుస్తుందండీ."

"మోగకపోతే?"

తార్మో టోపీ వెనక్కి తోసుకున్నాడు. "మోగకపోతే ఎవరూ ఎక్కనట్టే."

అంటే ఆ పొద్దున నేను బస్సెక్కలేదు. లూమి ఎక్కలేదు, తూయిస్కు ఎక్కలేదు, ఆ బండ్లవాళ్లెవరూ ఎక్కలేదు. కార్డు వాడినవాళ్లకే సర్వే కాగితం పంపారు కనుక ఈ తల్లుల్ని అడిగినవాడు కూడా లేడు. ఎంత మంచి ఊరు మాది! ప్రేమకొద్దీ తల్లులకు టికెట్టు తీసేసి, దాంతోపాటే వాళ్లను లెక్కలోంచి తీసేసింది.

సాయంత్రం మా వంటింట్లో సెన్యాకు సంగతి చెప్పాను. ముక్కు ఎర్రగా, దుప్పటి కప్పుకుని వింటోంది. "నా కార్డు పిల్లలు పుట్టినప్పటినుంచీ సొరుగులోనే ఉంది మామ్మా," అంది.

"బయటికి తీయి. ఈ నెలాఖరుదాకా అందరం కార్డు తాకిద్దాం. మిగతావాళ్లకు నేను చెబుతాను."

"బండి వదిలి ముందుకు పోకూడదు కదా. ఎవరు పట్టుకుంటారు?"

ఇద్దరం ఆర్వి వైపు చూశాం. ఆయన రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. కత్తి ఆగింది.

"నాకు ఈత శనివారమే," అన్నాడు.

"మిగతా రోజులు ఖాళీయే కదా. అందుకే అడుగుతున్నాం."

మా బస్సుల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పక్కసీటు ఖాళీగా ఉంటే అందులో సంచి కూర్చుంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషిని కదిలించడం కన్నా దిగాల్సిన స్టాపు దాటిపోవడం నయమనుకుంటారు. అలాంటి బస్సులో మొదటి రోజు ఆర్వి ఒక చేత్తో ఒక బండి, ఇంకో చేత్తో ఇంకో బండి పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసి నిలబడ్డాడు. మూడో బండి వచ్చింది. ఆయనకు మూడో చెయ్యి లేదు. కిటికీ పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి దగ్గరకు నేను వెళ్లాను.

"అయ్యా, కాస్త ఈ బండి పట్టుకుంటారా?"

ఆయన పేపరు దించి, నన్ను చూసి, బండిని చూసి, మళ్లీ నన్ను చూశాడు. "పట్టుకుని ఏం చేయాలి?"

"ఏం చేయక్కర్లేదు. వదలకుండా ఉంటే చాలు."

పట్టుకున్నాడు. బండిలో పాప ఆయన చేతితొడుగు లాక్కుని నోట్లో పెట్టుకుంది. తల్లి ముందుకెళ్లి కార్డు తాకించి వచ్చేసరికి ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. మర్నాడు ఆయన సంచి పక్కసీటులో కూర్చోలేదు. బండి ఎక్కగానే తనే లేచి వచ్చాడు.

ఆర్వికి మాత్రం రోజురోజుకూ కోపం పెరిగింది. "ఏమే, బండి కట్టుకోవడానికి ఇక్కడొక పట్టీ కూడా లేదు. మలుపు తిరిగితే చేతులు ఊడిపోతున్నాయి. మెట్టు దగ్గర ఆ మంచు అంతా ఎవరు తీస్తారు? ఎవడు గీశాడు ఈ బస్సుని?"

"నీలాంటివాడే ఎవడో."

"నేనైతే ఇలా గీసేవాణ్ణి కాదు," అన్నాడు గుర్రుగా. ఆయన ఈ కోపం నాకు భలే నచ్చింది. ఇన్నేళ్లకు పనికొచ్చే చోట పడింది.

ఆఖరి వారం, బుధవారంనాడు వేసల బస్సెక్కాడు, చేతిలో పనిముట్ల పెట్టెతో ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని. "కార్డు యంత్రం పాడైందనుకుంటా," అని తార్మోతో అంటున్నాడు. "కొండమీద స్టాపుల్లో ఉన్నట్టుండి ఇంతమందిని చూపిస్తోంది."

"పాడవలేదు నాయనా," అన్నాను వెనకనుంచి. "ఇప్పుడే బాగుపడింది."

నన్ను గుర్తుపట్టాడు. ఆయన ఏదో అనబోయేలోగా బస్సు తిరిగి మా స్టాపుకు వచ్చింది, సెన్యా మధ్య తలుపు నుంచి ఎక్కింది. అటూ ఇటూ చూసింది. ఆర్వి రెండు చేతులూ నిండి ఉన్నాయి, పేపరాయన చేతిలో ఒక బండి ఉంది. దగ్గర్లో ఖాళీగా కనిపించింది వేసలే.

"కాస్త పట్టుకోండి, కార్డు తాకించి వస్తాను," అని జోడుబండి ఆయన చేతికిచ్చి పోయింది.

బస్సు మలుపు తిరిగింది. బండి ఆయన్ని లాక్కుపోయింది. ఒక కాలు తన్నిపెట్టి, వీపు స్తంభానికి ఆనించి నిలదొక్కుకున్నాడు. తూయిస్కు తన బూటు ఊడబీకి ఆయన మీదకు విసిరాడు. యంత్రం పీ మంది. సెన్యా తిరిగి వచ్చింది.

"మీకు టికెట్టు అక్కర్లేదు కదండీ," అన్నాడు వేసల, బూటు అందిస్తూ.

"తెలుసండీ. కానీ ఊరికే ఎక్కితే ఎక్కనట్టేనట. ఆఫీసులో ఎవరో ఉన్నారట, ఆయనకు మేం కనబడమట."

"ఆ ఎవరో నేనే," అన్నాడు.

సెన్యా మొహం కందిపోయింది. అయినా తల దించుకోలేదు. "అయితే మీకే చెబుతాను. నాకు తెరచాపల దగ్గర ఉద్యోగం వచ్చింది. ఈ బస్సు కొండెక్కితేనే ఆ ఉద్యోగం నాది. ఎల్లుండి జవాబు చెప్పాలి. ఏం చెప్పమంటారు?"

బస్సంతా వింటోంది. మా ఊళ్లో వినడం అందరికీ వచ్చు.

"సభ వచ్చే మంగళవారం," అన్నాడు వేసల మెల్లగా. "అంతకు ముందు మాటివ్వడానికి నాకు హక్కు లేదండీ." కానీ రేవు దగ్గర దిగలేదు. మెకానిక్కును పంపేసి మాతో మళ్లీ కొండెక్కాడు, మళ్లీ దిగాడు. బండి వచ్చినప్పుడల్లా లేచి పట్టుకున్నాడు. మధ్యలో నా పక్కన కూర్చుని, "ఒక్క మాట చెప్పండి. ఇంత కష్టం పెట్టుకుని ఐదెందుకు వేశారు?" అని అడిగాడు.

"తార్మోకు చెడ్డపేరు రాకూడదని."

తార్మో ముందునుంచి విన్నాడు. స్టాపులో బస్సు ఆపి వెనక్కి తిరిగాడు. "హిల్కా గారూ, మీ స్టాపులో కప్పు వేయించమని రెండేళ్లుగా ఆఫీసులో అడుగుతున్నాను. ప్రయాణికులు తృప్తిగానే ఉన్నారు కదా అని నా నోరు మూయిస్తున్నారు. ఆ ఐదులు మీవేనా?"

వాడికి గొడుగు పడుతున్నాననుకుని వాడి నోటికి తాళం వేశాను. "ఇంకెప్పుడూ వేయను నాయనా," అన్నాను. వేసల జేబులోంచి పెన్ను తీసి తన అరచేతిమీద ఏదో రాసుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. సభ ఇంకా కాలేదు. సెన్యా మా బల్ల ముందు ఫోను పట్టుకుని కూర్చుంది. పిల్లలు కింద గిన్నెలు వాయిస్తున్నారు. "రానని చెప్పడమే మంచిది మామ్మా. చేరి, ఈస్టరుకు మానేస్తే మీ మాట పోతుంది."

ఆర్వి లేచి గుమ్మం దగ్గరికెళ్లి, తన మేకుల బూట్లు తెచ్చి ఆమె ముందు బల్లమీదే పెట్టాడు. బల్లమీద బూట్లేమిటని వేరే రోజైతే నేను ఊరుకునేదాన్ని కాదు.

"వస్తానని చెప్పు," అన్నాడు. "బస్సు రాకపోతే బండి నేను దించుతాను, నేనే ఎక్కిస్తాను. నాకు కాళ్లున్నాయి."

"తాతా, రోజూనా?"

"చుట్టూ తిరిగే బస్సు వద్దని రాసింది నేనే కదా. ఇప్పుడు నేనే తిరుగుతాను."

సెన్యా ఒక బూటు తీసి మేకులు తడిమి చూసింది. తర్వాత నంబరు నొక్కింది. "వస్తానండీ," అని చెప్పి, ఫోను పెట్టేసి, వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి. ఆర్వి గిన్నెలు వాయిస్తున్నవాళ్ల దగ్గర కూర్చుని మూత తనూ కొట్టాడు.

సభలో వేసల ఏం మాట్లాడాడో పేపర్లో రెండు వాక్యాలే వేశారు. బస్సు కొండెక్కుతుంది. పొద్దున పనికిపోయేవాళ్లకు కింది రోడ్డు మీద ఇంకో బస్సు నేరుగా పోతుంది. బండ్లవాళ్లకు పైసా లేని కార్డు ఇస్తారు, మధ్య తలుపు దగ్గరా యంత్రం పెడతారు. స్టాపుకు కప్పు మాత్రం వేసవిలోనట. దాని గురించి సర్వేలో ఏం వేయాలో ఇప్పుడు నాకు తెలుసు.

మార్చి మధ్యలో సెన్యా పనిలో చేరిన పొద్దున మేమిద్దరం కూడా స్టాపుకు వెళ్లాం. ఆర్వి మేకుల బూట్లు వేసుకునే వచ్చాడు, బస్సు రాకపోతే అని. వచ్చింది. మధ్య తలుపు తెరుచుకుంది, పేపరాయన లోపలినుంచి బండి ముందు చక్రాలు అందుకున్నాడు. సెన్యా కొత్త కార్డు తీసి కొత్త యంత్రానికి తాకించింది. పీ మంది. బండిలోంచి తూయిస్కు కూడా "పీ" అన్నాడు, లూమి అందుకుంది. నోరు విప్పని మా బస్సులో ముందువరుస నుంచి వెనకవరుస దాకా నవ్వారు.

సెన్యా తలుపులోంచి మా వైపు వంగింది. "మామ్మా, వినబడిందా?"

"వినబడిందమ్మా," అన్నాను. "పద, ఆలస్యమైతే మగవాళ్లు మార్కులు కోసేస్తారు."